చరిత్ర మలుపుని రొట్టె ధర పట్టుకుని చదవడం ఎలా? ఫ్రెంచి విప్లవం మీద స్టెప్ బై స్టెప్

ఫ్రెంచి విప్లవం అనగానే మనలో చాలామందికి వరసగా గుర్తొచ్చేవి ఏంటంటే 1789 జులై 14, బాస్టిల్ జైలు, స్వేచ్ఛ సమానత్వం సౌభ్రాతృత్వం, రాణిగారి కేకు, గిలటిన్, చివర్లో నెపోలియన్ గుర్రమెక్కి వచ్చేస్తాడు, చాప్టర్ ఖతం. గ్రూప్స్‌కి చదివేవాళ్ళైతే కారణాలు అని రాసి సామాజిక, ఆర్థిక, రాజకీయ, తాత్విక అని నాలుగు హెడ్డింగులు పెట్టేస్తారు, మార్కులు వస్తాయి కూడా, కాదనట్లేదు. కానీ ఆ నాలుగు హెడ్డింగులు చదివాక "సరే, మరి ఆ ఏడాదే ఎందుకు? ఆ ఊళ్ళోనే ఎందుకు? వాళ్ళు అంతకుముందు పదిహేనేళ్ళు ఊరికే ఎందుకు కూర్చున్నారు?" అని ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబు ఉండదు.

నాకు పని చేసిన పద్ధతి ఒకటుంది. పెద్ద సంఘటన వైపు నుంచి కాకుండా, ఆ రోజుల్లో మామూలు మనిషి రోజూ కొనక తప్పని ఒక్క సరుకు తీసుకుని, దాని వెంట నడుచుకుంటూ ఆ మలుపు దాకా వెళ్ళడం. ఏ దేశానికైనా వాడొచ్చు, ఇక్కడ పారిస్ రొట్టె మీద చేసి చూపిస్తా. కావల్సినవి ఒక గూగుల్ షీట్, నెట్, కొంచెం ఓపిక. ఫ్రెంచి రానక్కర్లేదు, పాత పుస్తకం స్కాన్ మీద గూగుల్ లెన్స్ పెడితే అతుకులబొతుకులుగా అయినా విషయం తెలిసిపోతుంది.

స్టెప్ 1: సరుకు ఎంచుకోండి

ఏది పడితే అది పనికిరాదు. మూడు విషయాలు చూసుకోండి. బీదవాళ్ళు రోజూ కొనేదై ఉండాలి, వాళ్ళ సంపాదనలో పెద్ద ముక్క దానికే పోతుండాలి, ఆ సరుకులో ప్రభుత్వం వేలు పెట్టి ఉండాలి. ఈ మూడోది చాలా ముఖ్యం, ఎందుకంటే ప్రభుత్వం వేలు పెట్టిన చోటే కాగితాలు పుడతాయి, మనకి చదవడానికి ఏదైనా మిగులుతుంది. పట్టుబట్టల ధర మీద ఎంత పరిశోధన చేసినా వీధిలో గొడవ ఎందుకయిందో తెలీదు.

పారిస్‌లో ఆ సరుకు రొట్టె. మాంసం, వైను, కూరలు అన్నీ తర్వాతే. ఉప్పు కూడా మంచి కాండిడేటే, అప్పటి ఫ్రాన్స్‌లో ఉప్పు పన్ను ఎంత ఘోరంగా ఉండేదంటే బ్రిటనీ లాంటి ప్రాంతంలో ఉప్పు కారుచవక, పక్క ప్రాంతంలోకి అడుగు పెడితే పది రెట్లకి పైనే, దాంతో ఉప్పు స్మగ్లింగ్ అనేది పెద్ద వృత్తి అయిపోయింది. పల్లెటూళ్ళ కోపం అర్థం కావాలంటే ఉప్పు పట్టుకోండి, పారిస్ అర్థం కావాలంటే రొట్టె.

స్టెప్ 2: కొలతలు సరిచేసుకోండి

ఇది బోరు, కానీ ఇక్కడ తేడా వస్తే ముందు లెక్కలన్నీ పోతాయి. ఆ రోజుల్లో లివ్ర్ అనేది డబ్బుకీ బరువుకీ రెంటికీ అదే పేరు. డబ్బు లివ్ర్ అంటే 20 సూలు. బరువు లివ్ర్ అంటే దాదాపు 490 గ్రాములు. పారిస్‌లో మామూలుగా లెక్కకి తీసుకునేది నాలుగు లివ్ర్‌ల రొట్టె, అంటే రెండు కిలోలకి ఒక పిసరు తక్కువ. మనం షాపులో కొనే బ్రెడ్ ప్యాకెట్ ఊహించుకోకండి, అది పెద్ద బండ.

ఇంకో మాట, దయచేసి "అప్పటి 14 సూలు అంటే ఇప్పటి ఎన్ని రూపాయలు" అనే లెక్క వెయ్యొద్దు. అప్పుడు బట్ట ఖరీదు, మనిషి కష్టం చవక, ఇప్పుడు తిరగబడింది, అందుకని రూపాయల్లోకి మారిస్తే వచ్చే అంకెకి అర్థం ఉండదు. యూట్యూబ్ వీడియోల్లో ఇది తెగ చేస్తారు, చూడ్డానికి బాగుంటుంది, అంతవరకే.

స్టెప్ 3: ధరని కూలీతో కొలవండి

మామూలు రోజుల్లో ఆ నాలుగు లివ్ర్‌ల రొట్టె 8 నుంచి 9 సూలు. 1788 ఆగస్టు నుంచి ఎక్కడం మొదలుపెట్టి, 1789 ఫిబ్రవరికి పద్నాలుగున్నర సూలకి చేరి, బాస్టిల్ పడేదాకా దాదాపు అక్కడే కూర్చుంది.

ఈ అంకె ఒక్కటే చూస్తే "అరవై శాతం పెరిగింది, ఓకే" అనిపిస్తుంది. ఇప్పుడు కూలీ పక్కన పెట్టండి. ఫ్యాక్టరీలో నైపుణ్యం లేని పనివాడికి రోజుకి 25 సూలు, కట్టుబడి పని కూలీకి 30 దాకా, తాపీమేస్త్రీకి 40, వడ్రంగి లాంటివాడికి 50. 25లో పద్నాలుగున్నర పోతే ఇంకా పది మిగిలింది కదా అంటారేమో. ఆగండి. ఆదివారాలు, చర్చి పండగలు, ఈ రోజులకి కూలీ లేదు, తిండి మాత్రం రోజూ తినాలి. ఏడాదికి 250 రోజులు పని దొరికిందనుకుందాం (ఇది నా ఊహ లెక్క, మీరు అంకె మార్చి చూసుకోండి), అప్పుడు 365 రోజులకి పంచితే రోజుకి వచ్చేది 17 సూలు. రొట్టె 9 సూలు ఉన్నప్పుడే సగం పైన దానికి పోతోంది. పద్నాలుగున్నరకి వెళ్ళేసరికి నూటికి 85. మిగిలిన రెండున్నర సూల్లో గది అద్దె, కట్టెలు, బట్టలు, సబ్బు, పిల్లాడికి జ్వరమొస్తే మందు అన్నీ చూసుకోవాలి, అదీ రోజుకి ఒక్క రొట్టెతో ఇల్లు గడిస్తే. పిల్లలున్న ఇంట్లో ఒక్కటి చాలదు.

షీట్‌లో ఇదే లెక్క వడ్రంగికి కూడా వెయ్యండి. 50 సూలవాడికి రోజుకి 34 పడుతుంది, రొట్టె నలభై మూడు శాతం. చావట్లేదు గానీ, పోయినేడాది పావు వంతు ఉన్నది ఇప్పుడిలా అయింది, అలవాటైన బతుకు జారిపోతోంది. వీధిలోకి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది వీళ్ళే అని తర్వాత చూస్తాం, గుర్తుపెట్టుకోండి.

స్టెప్ 4: గింజ నుంచి రొట్టె దాకా గొలుసు గియ్యండి

పొలం, రవాణా, మర, బేకరీ, అంగడి. ప్రతి లింకు దగ్గరా "ఇక్కడ ఏం తెగింది?" అని అడగాలి.

పొలం దగ్గర: 1788 జులై 13న, అంటే బాస్టిల్‌కి ఏడాదీ ఒక రోజు ముందు, పారిస్ చుట్టుపక్కల పెద్ద వడగళ్ళవాన కొట్టింది, కోతకొచ్చిన పంట నేలపాలయింది. దానికి తోడు ఎండలు. నిల్వలు ఉన్నాయా అంటే 1787లోనే ధాన్యం ఎగుమతికి గేట్లు తెరిచేశారు. 1788 ఆగస్టులో నెకర్ అనే ఆయన్ని మళ్ళీ ఆర్థిక మంత్రిగా తెచ్చుకున్నాక ఎగుమతులు ఆపాడు గానీ అప్పటికే లేటు.

మర దగ్గర: ఇది నాకు చాలా ఇష్టమైన లింకు, పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనపడదు. 1788-89 చలికాలం భయంకరంగా వచ్చింది, సెన్ నది గడ్డకట్టింది. అప్పటి పిండిమరలు చాలావరకు నీటితో తిరిగేవే. నది గడ్డకడితే మర ఆగుతుంది, పడవలు ఆగుతాయి. గోదాములో గోధుమలు ఉన్నా పిండి లేదు. మళ్ళీ 1789 ఆగస్టు, సెప్టెంబరులో ఇదే కథ రివర్స్‌లో, ఈసారి వానల్లేక నీళ్ళు తగ్గి మరలు నెమ్మదించాయి. పంట ఫర్వాలేదు, రొట్టె మాత్రం లేదు. అక్టోబర్‌లో ఆడవాళ్ళు ఎందుకు కదిలారు, కోతలు అయిపోయాయి కదా అనే ప్రశ్నకి సగం జవాబు ఇక్కడుంది.

జేబు దగ్గర: 1786లో ఇంగ్లండ్‌తో వాణిజ్య ఒప్పందం చేసుకున్నారు, చవక ఇంగ్లీషు బట్ట దిగింది, ఫ్రెంచి నేతపట్టణాల్లో పనులు పోయాయి. రొట్టె పెరిగినప్పుడు మిగతావన్నీ కొనడం జనం ఎలాగూ మానేస్తారు, దాంతో చేతిపనుల వాళ్ళకి ఇంకా గిరాకీ పోతుంది. ధర ఎక్కిన టైములోనే కూలీ దొరకడం కూడా తగ్గిందన్నమాట. పైన నేను వేసిన 250 రోజులు ఈ ఏడాదికి ఎక్కువే.

పారిస్ గేటు దగ్గర: ఊళ్ళోకి వచ్చే వైను, కట్టెలు, తిండి సరుకుల మీద సుంకం. ఆ సుంకం ఎగ్గొట్టకుండా 1780ల్లో ఊరి చుట్టూ కొత్తగా గోడ కట్టి గేట్లు పెట్టారు. జులై 14కి ముందు మూడు నాలుగు రోజులు జనం తగలబెట్టింది ఈ గేట్లనే, యాభై చిల్లర గేట్లలో నలభై దాకా పోయాయి. మనం బాస్టిల్ ఒక్కదాన్నే గుర్తుపెట్టుకున్నాం.

స్టెప్ 5: రెండు టైమ్‌లైన్లు పక్కపక్కన పెట్టండి

ఎడమ కాలమ్‌లో సభలు, రాజు, చట్టాలు. కుడి కాలమ్‌లో అంగడి, వీధి. మధ్యలో ధర. ఇలా పెట్టగానే కొన్ని అవే మాట్లాడతాయి.

ఎడమ పక్క: 1789 వసంతంలో ఎస్టేట్స్ జనరల్‌కి (మతగురువులు, ప్రభువులు, సామాన్యులు అనే మూడు వర్గాల ప్రతినిధుల సభ) ఎన్నికలు, మే 5న రాజుగారి కోట ఉన్న వెర్సాయ్‌లో సభ మొదలు, జూన్ 17న మూడో వర్గంవాళ్ళు, అంటే సామాన్యుల ప్రతినిధులు, మేమే జాతీయ సభ అనడం, జూన్ 20న రాజ్యాంగం రాసేదాకా విడిపోం అని టెన్నిస్ కోర్టు ప్రమాణం, ఆగస్టు 4 రాత్రి ప్రభువుల హక్కుల రద్దు, ఆగస్టు 26న మానవ హక్కుల ప్రకటన.

కుడి పక్క: ఏప్రిల్ 27, 28 తేదీల్లో ఫోబర్ సెంటాంత్వాన్ పేటలో రెవెయోన్ అనే వాల్‌పేపర్ ఫ్యాక్టరీ ఓనర్ ఇంటి మీద దాడి, సైన్యం కాల్పులు, చాలామంది చావు. కారణం? ఆయన ఏదో మీటింగులో "కూలీ రోజుకి 15 సూలకి దిగాలి" అన్నాడని పుకారు. స్టెప్ 3 చేసినవాళ్ళకి ఆ పదిహేను సూలు అనే మాట ఎక్కడ గుచ్చుకుందో వెంటనే అర్థమవుతుంది, రొట్టె పద్నాలుగున్నర మరి. తమాషా ఏంటంటే రెవెయోన్ చెడ్డ యజమాని ఏం కాదు, చలికాలం పనిలేనప్పుడు కూడా పనివాళ్ళకి ఎంతో కొంత ఇచ్చినవాడే, ఆయన అన్నది కూడా రొట్టె చవకైతే కూలీ తగ్గినా బతకొచ్చు అనే అర్థంలో అంటారు. జనానికి చేరింది మాత్రం అంకె ఒక్కటే.

తర్వాత జులై 13న సేన్ లజార్ మఠం మీద పడి అక్కడ దొరికిన ధాన్యం బండ్లకెత్తి అంగడికి తోలారు. మర్నాడు బాస్టిల్. అక్కడికి వెళ్ళింది ఖైదీల కోసం కాదు, ఉన్నదే ఏడుగురు, వెళ్ళింది తుపాకీమందు కోసం. బాస్టిల్ వీరుల లిస్టు తర్వాత తయారు చేశారు, అందులో వృత్తులు చూడండి: వడ్రంగులు, తాళాలు చేసేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, చాలావరకు ఆ సెంటాంత్వాన్ పేటవాళ్ళే. అడుక్కుతినేవాళ్ళు కాదు, దొంగలు కాదు, ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఆ చేతిపని జనం.

అక్టోబర్ 5న రెండు కాలమ్‌లూ కలిసిపోతాయి. పొద్దున్నే అంగడి ఆడవాళ్ళు, పేటల ఆడవాళ్ళు రొట్టె ఏదని నగర సభ భవనం మీద పడి, అక్కడ దొరికిన ఆయుధాలు తీసుకుని, వానలో తడుస్తూ ఇరవై కిలోమీటర్లు నడిచి వెర్సాయ్ వెళ్ళారు. రాజు అప్పటిదాకా నాన్చుతున్న హక్కుల ప్రకటనకి ఆ రాత్రి ఒప్పుకున్నాడు. మర్నాడు రాజుని, రాణిని, పిల్లాడిని పిండి బండ్లతో సహా పారిస్‌కి తోలుకొచ్చారు, దారంతా బేకర్ని, బేకర్ పెళ్ళాన్ని, బేకర్ కుర్రాణ్ణి తెస్తున్నాం అని కేకలు. ఆ తర్వాత రాజు లూయీ మళ్ళీ వెర్సాయ్‌లో కాపురం పెట్టలేదు. నన్నడిగితే అసలు మలుపు జులై 14 కాదు, ఇది. జులైలో రాజు ఒక కోట పోగొట్టుకున్నాడు, అక్టోబర్‌లో తన ఇష్టమొచ్చిన చోట ఉండే స్వేచ్ఛే పోగొట్టుకున్నాడు.

స్టెప్ 6: అదే సరుకు ముందూ వెనకా ఏం చేసిందో చూడండి

ఈ స్టెప్ వదిలేస్తే మొత్తం గైడ్ వేస్ట్. ఎందుకంటే ఇక్కడిదాకా వచ్చినవాళ్ళు "ఆకలేసింది, విప్లవం వచ్చింది" అని ఫిక్స్ అయిపోతారు. అది తప్పు.

1774లో ట్యుర్గో అనే మంత్రి ధాన్యం వ్యాపారం మీద కట్టుబాట్లు తీసేశాడు, ఆ ఏడు పంట కూడా సరిగా లేదు, 1775 మే మొదటికి పారిస్‌లో రొట్టె 14 సూల దాకా పోయింది. మళ్ళీ చదవండి, పద్నాలుగు. 1789లో పద్నాలుగున్నర. తేడా అర సూ. 1775లో కూడా ఊళ్ళకి ఊళ్ళు లేచాయి, మూడు వారాల్లో మూడొందలకి పైగా గొడవలు, దానికి పిండి యుద్ధం అనే పేరు కూడా ఉంది. జనం గోదాముల మీద పడి చాలాచోట్ల దోచుకోలేదు, న్యాయమైన ధర ఇంత అని వాళ్ళే నిర్ణయించి ఆ డబ్బు పెట్టి పట్టుకెళ్ళారు. ప్రభుత్వం పాతికవేల సైన్యాన్ని దించింది, పారిస్‌లో ఇద్దర్ని బహిరంగంగా ఉరి తీసింది, అయిపోయింది. తర్వాత నెలలో రాజుగారి పట్టాభిషేకం నిక్షేపంగా జరిగింది.

ఇప్పుడు 1795. ధరల గరిష్ఠ పరిమితి చట్టం 1794 డిసెంబర్‌లో ఎత్తేశారు, కాగితం డబ్బు విలువ పడిపోయింది, మళ్ళీ ఘోరమైన చలికాలం. మీ షీట్‌లో ధర కాలమ్ ఇక్కడ మోసం చేస్తుంది, జాగ్రత్త. రేషన్ రొట్టె సర్కారు రేటు కాగితం మీద చవగ్గానే ఉంటుంది, కానీ మనిషికిచ్చే తూకం తగ్గిపోయి ఔన్సుల్లోకి వచ్చేసింది. అందుకని ఈ ఏడాదికి ధర తీసేసి తలకి ఎంత తూకం అనే కాలమ్ పెట్టుకోండి. మే 20న జనం రొట్టె కావాలి, 1793 రాజ్యాంగం కావాలి అని కేకలేస్తూ సభలోకి చొరబడ్డారు, ఒక ప్రతినిధిని చంపేశారు. మూడు నాలుగు రోజుల్లో సైన్యం ఆ సెంటాంత్వాన్ పేటనే చుట్టుముట్టి ఆయుధాలు లాగేసుకుంది. ఆకలి 1789 కంటే ఎక్కువే, గెలుపు మాత్రం సున్నా.

మూడు ఏళ్ళకీ మూడు అదనపు కాలమ్‌లు పెట్టండి: జనం ఎవర్ని తిట్టారు, సైన్యం ఎటు నిలబడింది, ఆ టైముకి మాట్లాడటానికి వేదిక ఉందా. 1775లో తిట్టింది వ్యాపారుల్ని, మంత్రిని, రాజుని కాదు, సైన్యం మాట విన్నది, వేదిక లేదు. 1795లో సైన్యం సభ పక్కనే. 1789లో మాత్రం మూడూ ఒకేసారి తిరగబడ్డాయి (ఎవర్ని తిట్టారో స్టెప్ 7లో చూద్దాం), పారిస్‌లో ఉండే ఫ్రెంచి గార్డులు కొందరు ఫిరంగులతో సహా బాస్టిల్ ముట్టడిలో జనం వైపు నిలబడ్డారు, పైగా రొట్టె ధర నెత్తికెక్కిన ఆ నెలల్లోనే ప్రభుత్వమే ఊరూరా జనాన్ని కూర్చోబెట్టి "మీ కష్టాలు రాసి పంపండి" అంది. ఖజానా ఖాళీ అయి కొత్త పన్నులకి ఒప్పుకోలు కోసం పిలిచిన సభ అది. కడుపు కాలుతున్నవాణ్ణి పిలిచి నీ బాధ చెప్పు అని అడిగాక ఏం చెయ్యకుండా పంపించడం కుదరదు.

స్టెప్ 7: తప్పు ఎవరిదని అనుకున్నారు?

నిజంగా తప్పు ఎవరిది అనేది వేరే ప్రశ్న. వడగళ్ళవానకి రాజు ఏం చేస్తాడు? కానీ ఫ్రాన్స్‌లో తరతరాలుగా ఉన్న నమ్మకం ఏంటంటే ప్రజలకి రొట్టె అందేలా చూడటం రాజు ధర్మం, అందుకే పోలీసులు బేకరీల మీద నిఘా పెట్టేవాళ్ళు, ధరలు చూసేవాళ్ళు. మన దగ్గర 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చాక ఆ తర్వాత ఏ పార్టీవాళ్ళైనా బియ్యం మాటెత్తకుండా ఓటడగలేకపోయినట్టు, ఒకసారి తిండి బాధ్యత పాలకుడిది అని జనం మనసులో పడిపోతే కరువు ఇంక దేవుడి శాపం కాదు, పాలకుడి తప్పు.

దాంతోపాటు కరువు కుట్ర అనే పుకారు. పెద్దవాళ్ళు కావాలని ధాన్యం దాచి జనాన్ని మాడుస్తున్నారు అనేది 1789కి చాలా ముందునుంచే తిరుగుతున్న మాట. కుట్రకి రుజువుల్లేవు. కానీ మీరు పుకారుని "అబద్ధం" అని కొట్టేసి పక్కన పెట్టకండి, దానికీ షీట్‌లో ఒక లైను ఇవ్వండి, ఎందుకంటే జనం నడిచింది దాన్ని నమ్మే. ఆ ఏడాది జులై చివర్లో పల్లెల్లో బందిపోట్లు వస్తున్నారని పుట్టిన భయం కూడా అలాంటిదే, బందిపోట్లు రాలేదు, రైతులు మాత్రం కర్రలు పట్టుకుని బయల్దేరి దొరల ఇళ్ళకెళ్ళి పన్ను దస్తావేజులు తగలబెట్టారు, ఆగస్టు 4 రాత్రి వెనక ఉన్న భయం అది.

నా మట్టుకు నాకు తేలింది ఇది: ఆకలి జనాన్ని అంగడి దాకా తీసుకెళ్తుంది, అక్కడ్నుంచి రాజు గుమ్మం దాకా తీసుకెళ్ళేది మాత్రం "దీనికి జవాబుదారీ ఫలానా వాడు" అనే పేరు.

స్టెప్ 8: సాక్ష్యాలు ఎలా చదవాలి

ఫ్రెంచి నేషనల్ లైబ్రరీవాళ్ళ గాలికా సైట్ ఫ్రీ, ఇంటర్నెట్ ఆర్కైవ్ ఫ్రీ. దొరకడం కష్టం కాదు, నమ్మడం ఎంతవరకు అనేదే సమస్య.

ఫిర్యాదుల పుస్తకాలు: 1789 వసంతంలో ఊళ్ళు రాసి పంపినవి, వేలకి వేలు ఉన్నాయి. ఉప్పు పన్ను, దొరల పావురాలు చేలో గింజలు తినేయడం, దొర మరలోనే పిండి ఆడించాలనే రూలు, ఇలా రోజువారీ గోల అంతా ఉంటుంది, బంగారం. కాకపోతే రాసినవాడు ఊరి వకీలో చదువుకున్నవాడో అయ్యుంటాడు, తయారుగా ఉన్న నమూనాలు కూడా చేతులు మారాయి. పక్కపక్క ఊళ్ళవి నాలుగు చదవండి, ఒకే వాక్యం మక్కీకి మక్కీ కనిపిస్తే అది నమూనాది, ఒక్క ఊరిలోనే కనిపించిన ఫిర్యాదు ఆ ఊరిది.

సాక్షుల వాంగ్మూలాలు: అక్టోబర్ 5, 6 గొడవల మీద కోర్టు విచారణ జరిగి వందలమంది చెప్పింది అచ్చయింది. అందులో చాలామంది ఆడవాళ్ళు "నన్ను బలవంతంగా లాక్కెళ్ళారండీ" అంటారు. కేసు తప్పించుకోవడానికి అలాగే చెప్తారు కదా. వాళ్ళు ఎందుకు వెళ్ళారో కాకుండా ఏ టైముకి ఎక్కడున్నారు, ఏం పట్టుకున్నారు, ఏం తిన్నారు అనేవి ఏరుకోండి, అలాంటి చిన్న వివరాల్లో అబద్ధం చెప్పాల్సిన అవసరం తక్కువ.

ప్రయాణికులు: ఆర్థర్ యంగ్ అనే ఇంగ్లీషు వ్యవసాయ నిపుణుడు సరిగ్గా ఆ నెలల్లో ఫ్రాన్స్‌లో తిరుగుతున్నాడు. 1789 జులై 12న ఒక కొండ ఎక్కుతుంటే పక్కన నడుస్తున్న రైతు స్త్రీతో మాటలు కలిపాడు. చూస్తే అరవై డెబ్బై ఏళ్ళ ముసలావిడ అనుకున్నాడు, వయసు అడిగితే ఇరవై ఎనిమిది అంది. ఏడుగురు పిల్లలు, ఒక ఆవు, ఒక బక్క గుర్రం, ఇద్దరు దొరలకి గోధుమలు, ఓట్లు, కోళ్ళు ఇచ్చుకోవాలి, పైన పన్నులు. పెద్దవాళ్ళెవరో మా బీదవాళ్ళకి ఏదో చేస్తారంట, ఎవరో ఎలాగో తెలీదు అంది. బాస్టిల్‌కి రెండు రోజుల ముందు మాట ఇది. బయటివాడి కన్ను, నిజమే, కానీ ఊళ్ళోవాళ్ళకి మామూలైపోయి రాయనివి బయటివాడే రాస్తాడు.

రాజుగారి డైరీ: జులై 14న "ఏమీ లేదు" అని రాసుకున్నాడని అందరూ నవ్వుతారు. అది వేట డైరీ అండీ. ఆ రోజు వేట ఏం పడలేదని అర్థం. ఏ కాగితం ఎందుకు రాసిందో తెలీకుండా వాక్యం ఒకటి పీక్కొస్తే ఇంతే. కేకు సంగతీ అంతే, "రొట్టె లేకపోతే కేకు తినమనండి" అని రాణి మేరీ ఆంటోనెట్ అన్నట్టు ఆధారం లేదు, ఆవిడ ఫ్రాన్స్‌కి కాపురానికొచ్చిందే 1770లో, ఎవరో గొప్ప రాకుమారి ఆ మాట అందని రూసో అనే తత్వవేత్త అంతకుముందే తన ఆత్మకథలో రాసి పెట్టాడు.

స్టెప్ 9: మలుపు తర్వాత ఇంట్లో ఏం మారింది

చాలామంది మలుపు దగ్గరే ఆపేస్తారు. ఒక పదేళ్ళు ముందుకెళ్ళి చూడండి. ఉప్పు పన్ను 1790లో పోయింది, 1806లో నెపోలియన్ మళ్ళీ తెచ్చాడు. ఊరికో తూకం ఉన్నచోట మీటర్లు, కిలోలు వచ్చాయి, ఇవి నిలిచి మన కిరాణా కొట్టు దాకా వచ్చాయి. వారానికి ఏడు కాకుండా పది రోజులు పెట్టారు, అంటే ఏడు రోజులకొచ్చే సెలవు పది రోజులకయింది, పనివాళ్ళకి ఒళ్ళు మండింది, జనం దొంగచాటుగా ఆదివారమే పాటించారు, 1806 జనవరి 1 నుంచి ఆ కేలండర్ రద్దు. 1793లో అందరికీ ఒకటే రకం రొట్టె అన్నారు, తెల్ల రొట్టె తినేవాళ్ళు గొణిగారు. ఏది అతుక్కుంది, ఏది ఊడిపోయింది అని రెండు లిస్టులు రాస్తే చాలు.

స్టెప్ 10: అవే ఏళ్ళు, వేరే చోటు

ఇది పరీక్ష లాంటిది. మీ వాదన వేరే చోట నిలబడుతుందా? 1789-92 మధ్య మన కోస్తాలో వరసగా వానలు తప్పాయి. సామర్లకోటలో ఉన్న ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ వాతావరణం లెక్కలు రాసి పెట్టాడు కాబట్టి తెలుస్తోంది. మధ్యలో 1789 డిసెంబర్‌లో కోరంగి మీదకి సముద్రం పొంగి ఇరవై వేలమంది పోయారని చెప్తారు. పక్కనున్న యానాం అప్పటికి ఫ్రెంచివాళ్ళదే. 1791-92కి కరువు నైజాం, మరాఠా ప్రాంతాల దాకా పాకి, పూడ్చేవాళ్ళు లేక ఎముకలు నేలమీదే ఉండిపోయాయి కాబట్టి దానికి పుర్రెల కరువు అనే పేరొచ్చింది. పారిస్ కంటే ఎన్నో రెట్లు ఘోరం. తిరుగుబాటు మలుపు ఏదీ రాలేదు. స్టెప్ 6లో పెట్టిన మూడు కాలమ్‌లు ఇక్కడ నింపి చూడండి: ఉత్తర సర్కార్లలో రైతుకి ఎదురుగా కనిపించేది జమీందారు, వెనక ఉన్నది ఎక్కడో మద్రాసులో కూర్చున్న కంపెనీ, సైన్యం కంపెనీ జీతం తినేది, ఫిర్యాదు రాసి పంపమన్నవాడు లేడు. కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు వలస పోయారు. ఆ కాలం ఊళ్ళ పరిస్థితికి కంపెనీ సర్వే అధికారి మెకంజీ సేకరించిన కైఫీయతులు (ఊళ్ళ చరిత్ర రాతలు), తర్వాత వచ్చిన జిల్లా మాన్యువళ్ళు చూడొచ్చు, చాలావరకు స్కాన్లు నెట్‌లో ఉన్నాయి.

ఇదంతా ఒకసారి చేశాక రెండో షీట్‌కి 1917లో రష్యా రాజధాని పెట్రోగ్రాడ్ తీసుకోండి, అది ఇంకా బాగా కుదురుతుంది. అక్కడ కూడా రొట్టె క్యూ, అక్కడ కూడా మొదట రోడ్డెక్కింది ఆడవాళ్ళు, బట్టల మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, అక్కడ కూడా నాలుగు రోజుల్లో సైన్యం అటు తిరిగిపోయింది. గొలుసులో తెగిన లింకు మాత్రం పొలం కాదు, మర కాదు, రైళ్ళు, అందుకని ముందు రవాణా కాలమ్ నింపండి. ఇంకోటి, రష్యాలో అప్పటికి పాత కేలండర్, మనకంటే 13 రోజులు వెనక, వాళ్ళ ఫిబ్రవరి 23 మన మార్చి 8. తేదీకి రెండు కాలమ్‌లు మొదట్లోనే పెట్టేసుకోండి, సగం నింపాక మార్చాలంటే ప్రాణం పోతుంది.